తైబందీ తెలిసినవాళ్లకు సుస్థిరత కొత్తా?



మా మాస్టారు సైన్సు పాఠంలో కొత్త మాట వస్తే బోర్డు మీద రాసి, "ఇది మీ ఊళ్లో ఎక్కడుందిరా?" అని అడిగేవారు. ఈ పూట నేనూ అదే అడుగుతాను.

'సుస్థిర అభివృద్ధి' అన్నమాట 1987 నాటి బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదికతో లోకమంతా పాకింది. రేపటివాళ్ల అవసరాలకు గండికొట్టకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవాలని దాని సారాంశం. పరీక్షలో రెండు మార్కులు. పిల్లలు అప్పజెప్పి మరిచిపోతారు. తెలంగాణలో చెరువు కింద సేద్యం చేసిన తాతను తైబందీ అంటే ఏమిటని అడిగి చూడండి. ఆబి (వానాకాలం) పంట చేతికొచ్చాక చెరువులో మిగిలిన నీళ్లు చూసి, తాబికి (యాసంగికి) ఆయకట్టులో ఎన్ని ఎకరాలు నాటాలో నాటక ముందే ఖరారు చేసుకోవడం తైబందీ. నీళ్లు సగముంటే నాటూ సగమే. తూము తిప్పేది నీరటి. రైతులు ఎవరికివారు గండ్లు కొట్టుకుంటే చివరి మడి ఎండిపోతుందని అందరికీ తెలుసు.

అలాగని అంతా బంగారు కాలమని నేననను. నీరటికి కళ్లంలో కొలిచింది నాలుగు గింజలే. భూమి లేనివాళ్లను ఆ లెక్కలో ఎవరూ అడగలేదు.

ఇక శిఖం. చెరువు నిండితే నీళ్లు పరుచుకునే నేల అది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు శిఖం పట్టా ఉన్నవాళ్లు పంట వేసుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు. ఆ నీళ్లు మళ్లీ వస్తాయన్న ఎరుక ఆ మాటలోనే ఉంది. ఇప్పుడు దాని చోట ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే గీత, వచ్చింది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నియమాలు చెప్పాయి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక గానీ ప్లాట్లు కొనేవాళ్ల నోట ఎఫ్‌టీఎల్ మాట అంతగా పడలేదు. అంతకు నాలుగేళ్ల ముందే, 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగాయి.

చెరువు నిండి అలుగు మీంచి పొర్లితే తెలంగాణలో మత్తడి దుంకిందంటారు, రాయలసీమలో మరవ పారిందంటారు. గొలుసుకట్టులో పై చెరువు పొర్లు కింది చెరువుకు రాబడి. మధ్యలో కాలువ పూడ్చి వెంచరు వేస్తే కింది చెరువు ఎండుతుంది, పెద్ద వానకు వెంచరు మునుగుతుంది. పుస్తకాల్లో 'ఆవరణ వ్యవస్థ' కింద రాసేది ఇదే.

అన్నిటికీ పాతమాట దొరకదు. కర్బన ఉద్గారాలకు మన ఊళ్లో పేరు లేదు. కొత్త జబ్బుకు కొత్తపేరు కావాల్సిందే. కానీ 'హరితగృహ వాయువులు' అన్నవాళ్లను మాత్రం నేను క్షమించలేను. హరితం అనగానే వినేవాడు మంచిదేనేమో అనుకుంటాడు. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో కూర్చోబెడితే ఆ వాయువులు వేడిని పట్టి ఉంచే సంగతి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. వచ్చే సెలవుల్లో పిల్లలను ఊరి చెరువు దగ్గరికి తీసుకెళ్లండి. కట్ట, తూము, అలుగు, శిఖం ఎక్కడెక్కడున్నాయో పెద్దవాళ్లను అడిగి రాయించండి. అలుగు కింద ఇప్పుడు ఏ కాలనీ ఉందో అదీ రాయించండి.