ఉన్నత పాఠశాలకు గీటురాయి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయపు పండుగకు నన్ను పిలిచి, మంచి ఉన్నత పాఠశాల యన నెట్లుండవలెనో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. గ్రంథాలయపు ఉత్సవములో బడి ముచ్చట యేల యని మొదట సంశయించితిని. ఆలోచించిన కొలది ఈ రెండును తల్లీబిడ్డల వంటివని తోచినది. వీనిలో ఏది తల్లియో, ఏది బిడ్డయో మాత్రము నేను తేల్చి చెప్పలేను.

ముప్పది యేండ్లకు పైగా పలకాబలపముల నడుమ బ్రతికినవాడను. ఏటేట పదవ తరగతి ఫలితములు వచ్చిన నాడు దారిలో ఎదురైన ప్రతివారును నన్నడిగిన ప్రశ్న యొక్కటే: "మాస్టారూ, ఈ యేడు మీ బడికి ఎంత శాతము?" ఆ ప్రశ్నను నేను తప్పు పట్టను. రెక్కాడిన గాని డొక్కాడని తండ్రికి కొడుకు పరీక్షలో గట్టెక్కుట చిన్న విషయము కాదు. మార్కులతో పనియేమని వేదికలపై చెప్పువారిలో చాలమంది మార్కులు బాగుగా వచ్చినవారే యగుట నేను గమనించితిని.

అయితే ఆ శాతము దేనికి శాతమో ఒక్కసారి యోచింపుడు. మాటవరుసకు ఒక బడిలో ఆరవ తరగతిలో 60 మంది చేరినారనుకొందము. పదవ తరగతి పరీక్షకు కూర్చున్నది 40 మంది. ఆ నలువదిమందియు కృతార్థులైరి. ఫలితము నూటికి నూరు! తోరణములు కట్టుదురు, మిఠాయిలు పంచుదురు. తక్కిన ఇరువదిమంది ఏమైరని అడుగు పత్రిక లేదు, అడుగు అధికారియు అరుదు. పరీక్ష వ్రాసినవారే లెక్కకు వత్తురు. పరీక్ష దాక రానివారు ఏ లెక్కలోను ఉండరు.

వారెక్కడ నుందురో మన పల్నాటివారికి వేరుగా చెప్పనక్కరలేదు. చలికాలమంతయు ప్రత్తి తీత. సంక్రాంతి దాటగానే మిరపకోతలు మొదలై ఏప్రిలు వరకు సాగును. పదవ తరగతి పరీక్షలు మార్చిలో వచ్చును. పంట చేతికి వచ్చు దినములును, పరీక్ష దినములును ఇట్లు ఒకదానిపై ఒకటి పడును. తల్లి కోతకు పోయిన నాడు పసిబిడ్డ నెత్తుకొనుటకు ఇంట ఆగిపోవునది పెద్దకూతురే గాని పెద్దకొడుకు కాడు. కర్నూలు సీమనుండి వలస వచ్చి చేల గట్లపై గుడారములు వేసికొను కుటుంబముల పిల్లలకు ఈ ఊరి బడిలోను పేరుండదు, ఆ ఊరి బడిలోను హాజరుండదు.

చట్టము లేదా యందురేమో. ఉన్నది. 2009లో చేసిన నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. కాని అది ఆరవ యేటినుండి పదునాల్గవ యేటి వరకే, అనగా ఎనిమిదవ తరగతి వరకే, పిల్లలకు అండ. ఆడపిల్ల ఎనిమిది ముగించి తొమ్మిదవ తరగతి గడప త్రొక్కు వేళకు చట్టము చేయి వదలును. సరిగ్గా అప్పుడే ఇంటిలో పెండ్లి మాటలు మొదలగును. ఆ చేతిని అందుకొనవలసినది ఉన్నత పాఠశాలయే.

ఇక్కడ నా తప్పొకటి మీ ముందు ఒప్పుకొనవలసి యున్నది. నేను పనిచేసిన యొక బడిలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మిరపకోతల రోజులలో రాకుండెను. లెక్కలలో చురుకైన పిల్ల. నేను దినదినము హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తు వేయుచు పోతిని. ఇరువది గుర్తులు వేసితిని. ఒక్కనాడైనను ఆ యింటికి పోయి అడుగలేదు. నా సెలవుచీటీ, నా జీతపు బిల్లు, నా పాఠ్యప్రణాళిక అన్నియు క్రమముగానే యుండెను. వేసవి సెలవుల తరువాత విచారింపగా ఆమెకు పెండ్లి చేసి పంపివేసిరని తెలిసినది. ఆ యేడు మా బడి ఫలితములు బాగుగానే వచ్చినవి.

తరువాత మరియొక ఊరిలో నా పై అధికారిగా దొరికిన ప్రధానోపాధ్యాయుని పద్ధతి వేరు. పిల్లవాడు వరుసగా మూడు దినములు రానిచో, నాల్గవనాడు సాయంకాలము తరగతి ఉపాధ్యాయుడు ఆ యింటి వాకిట నుండవలెను. వెంట తోటి విద్యార్థి యొకడు. తిట్టరాదు, బెదిరింపరాదు. "ఏమమ్మా, పిల్ల కనబడుట లేదు, ఒంట్లో బాగున్నదా?" అని అడుగవలెను, అంతే. ఆ యొక్క మాటతో తిరిగి వచ్చిన పిల్లలను నేను కన్నులార చూచితిని. అందరును రాలేదు. కొందరు వచ్చినారు. మంచి బడికి నా గీటురాయి ఇదే: రాని పిల్లకై అది వెదకునా, వెదకదా?

వచ్చిన పిల్లను ఎక్కడ కూర్చుండబెట్టినారన్నది తరువాతి ప్రశ్న. నవయుగ కవిచక్రవర్తియని పేరొందిన గుఱ్ఱము జాషువా 1895లో మన వినుకొండలో జన్మించెను. పుట్టుక కారణముగా ఆ బాలుడు తోటివారి యీసడింపులను ఎదుర్కొనవలసి వచ్చెను. ఆయన పట్టుదల గొప్పది గావున నిలిచి, తానే ఉపాధ్యాయుడై, తెలుగువారి మహాకవియైనాడు. ఈసడింపునకు తాళలేక మరలిపోయిన పిల్లలెందరో! వారి పద్యములు మనకు దక్కలేదు. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని మనము ఎనిమిది వందల యేండ్లుగా చెప్పుకొనుచున్నాము. బడిలో మధ్యాహ్న భోజనము వేళ ఆ వరుస ఎట్లున్నదో ఒకనాడు పోయి చూడుడు. ఎవరి ప్రక్క ఎవరు కూర్చుండిరి, వండిన చేతిని చూచి ఎవరైన కంచము తోసినారా? పరీక్షాధికారులు చూడని ఈ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చునో మీకే తెలియును.

ఇక ఎండ సంగతి. వేసవి వచ్చినదన్న వాతావరణ వార్తలలో రెంటచింతల పేరు వినబడుట మనకు అలవాటైపోయినది. ఒంటిపూట బడులు పెట్టినను, పదిగంటలకే రేకుల కప్పు క్రింద పిల్లల తలలు వాలిపోవును. బడి ఆవరణలో నీడనిచ్చు వేపచెట్లెన్ని, త్రాగునీరు చివరి గంట వరకు మిగులునా, బాలికల మరుగుదొడ్డికి తలుపు గడియ యున్నదా, నీళ్లున్నవా అని విచారింపుడు. సభలో ఈ మాట ఎత్తుట మర్యాదయా యని కొందరు మొగము చిట్లించుచున్నారు. పిల్లలు బడి మానుటకు ఇదియు ఒక కారణమైనప్పుడు మర్యాదకై మౌనము వహింపలేను.

చేతిపనులు, ఆటలు, విహారయాత్రలు మొదలగువానిని గూర్చి విస్తరింప నవకాశము లేదు. 1910లో బందరులో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోబాటు మగ్గమును, వడ్రంగమును, చిత్రలేఖనమును నేర్పెను. కోపల్లె హనుమంతరావుగారు దానికై జీవితమును ధారపోసినారు. అడివి బాపిరాజుగారు ప్రమోదకుమార చటోపాధ్యాయుని వద్ద కుంచె పట్టినది అక్కడనే. మనకు మరింత దగ్గరగా అనుపు ఉన్నది. నాగార్జునసాగర నిర్మాణమున మునిగిపోనున్న లోయలో 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, బయల్పడిన కట్టడములలో కొన్నింటిని అక్కడ తిరిగి నిలిపినారు. అందులో విహారముతోబాటు మెట్లమెట్లుగా ఆసనములు గల క్రీడారంగమును ఉన్నది. మాచర్ల మీదుగా ఒక పూట ప్రయాణము. పదవ తరగతి వారికి ఆటల గంట తీసివేసి అదనపు తరగతి పెట్టు ప్రధానోపాధ్యాయులు ఒక్కసారి ఆ మెట్లపై కూర్చుండి వచ్చిన బాగుండును.

చివరకు పుస్తకముల కడకు వత్తును. నేను చూచిన బడులలో పెక్కింట పుస్తకముల బీరువా ఉన్నది, దానికి తాళమును ఉన్నది. పుస్తకము పోయినచో ఉపాధ్యాయుడు వెల కట్టవలసి వచ్చునను భయముచేత ఎవరును ఆ తాళము తీయరు. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పెట్టి కొమ్మమూరు కాలువ వెంట పల్లెపల్లెకు త్రిప్పించిరి. నీటిపై పడవలో తిరిగిన పుస్తకములకు లేని భయము గోడల నడుమ బీరువాలో నున్నవానికి ఏల?

కార్యవర్గమువారికి నా విన్నపము రెండు మాటలు. ఒకటి: మీ చందాదారుల పట్టికలో నిరుడు పదవ తరగతి విడిచినవారెందరున్నారో, అందులో పరీక్ష తప్పినవారెందరో లెక్కింపుడు. తప్పినవాడును పుస్తకమునకై ఇచ్చటికి వచ్చుచున్నచో, ఆ బడి వానికి ఏదో మంచి చేసినట్లే. రెండవది: సంక్రాంతినుండి పరీక్షలు ముగియు వరకు ఈ ముందుగదిని రాత్రి తొమ్మిది గంటలదాక తెరచి యుంచుడు. తల్లులు కోతలనుండి వచ్చి, చంటిబిడ్డను అందుకొన్న తరువాత గాని ఆడపిల్లకు పుస్తకము పట్టు తీరిక చిక్కదు. వారిని ఇంటినుండి తోడ్కొని వచ్చి మరల దిగబెట్టుటకు నావంటి పనిలేని ముసలివారు ఈ ఊరిలో నలుగురైదుగురు దొరుకుదురు. ఆ జాబితాలో నా పేరు మొదట వ్రాసికొనుడు.

అంతమందికి కుర్చీలు చాలవని కార్యదర్శిగారు ఇందాకనే నా చెవిలో చెప్పినారు. చాపలున్నవి గదా.