ఎండ నుండి ఏకాంతర విద్యుత్తు

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు స్తంభములు కూలి, తీగలు తెగి, నగరమున పెక్కు ఇండ్లు పలుదినములు చీకటిలో నుండెను. గాలివాన వెలిసిన పిదప సూర్యుడు ఎప్పటివలెనే వెలిగెను. మిద్దెమీద ఎండ కలదు. ఇంటిలో దీపము లేదు. అట్టి దినములకు పనికివచ్చునట్లు, చేత మోసికొని పోదగిన సౌరపలకలును, వానికి జతయైన ఇన్వర్టరు పెట్టెలును నేడు అంగళ్ళలో లభించుచున్నవి. ఆ పెట్టెలో జరుగు పని యేమి? దాని మీటలను మనము ఎంతవరకు త్రిప్పవచ్చును? ఈ సంగతులను నేడు విచారింతము.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ప్రదర్శించిన సిలికాను పలక, తనపై బడిన ఎండలో సుమారు 6 శాతమును విద్యుత్తుగా మార్చినది. నేటి మంచి పలకలు 20 శాతమును మార్చుచున్నవి. నడిమింటి ఎండలో చదరపు మీటరుకు ఇంచుమించు 1000 వాట్ల శక్తి పడును గనుక, అంత వైశాల్యము గల పలక 200 వాట్ల నీయగలదు. రెండు ఫ్యానులకు అది చాలును.

కాని పలక నుండి వచ్చునది ఏకముఖ ప్రవాహము. కాలువనీటివలె ఒకే దిక్కునకు పోవును. మన యింటికి వచ్చునది ఏకాంతర ప్రవాహము. ఉయ్యాలవలె సెకనునకు 50 మారులు పోయి వచ్చుచుండును. దీని వోల్టేజి 230.

ఇన్వర్టరులో నాలుగు ట్రాన్సిస్టరు స్విచ్చులు రెండు జతలుగా నుండును. ఒక జత మూసికొన్నప్పుడు విద్యుత్తు ఒక దిక్కునకును, రెండవ జత మూసికొన్నప్పుడు ఎదురు దిక్కునకును పారును. ఇంతటితో సరిపెట్టిన చౌక పెట్టెల నుండి వచ్చు తరంగము మెట్లు మెట్లుగా నుండును. దానివలన ఫ్యాను మ్రోగును, మోటారు వేడెక్కును, మన రేడియోలో హోరు పుట్టవచ్చును. మంచి పెట్టెలలో స్విచ్చులు సెకనునకు వేల మారులు మూసికొని తెరచుకొనుచు, మూసియుండు వ్యవధిని క్రమముగా పెంచుచు తగ్గించుచు, నున్నని తరంగమును తీర్చును.

దిక్కు మారు వేగమును మార్చినచో పౌనఃపున్యము మారును. మూసియుండు వ్యవధిని మార్చినచో వోల్టేజి మారును. మోటారు విషయమున ఈ రెండును జోడెడ్లవలె కలిసి నడువవలెను. 50 సైకిళ్ళకు 400 వోల్టులు కోరు మోటారునకు, 40 సైకిళ్ళయందు 320 వోల్టులే ఈయవలెను. వోల్టేజి తగ్గింపక సైకిళ్ళను మాత్రమే తగ్గించినచో, మోటారులోని ఇనుము అయస్కాంతశక్తితో నిండిపోయి, తీగచుట్టలలో ప్రవాహము మితిమీరి, అవి కాలిపోవును.

ఈ నియమము పాటించుటచేతనే సౌరశక్తితో నడచు పొలము పంపు మబ్బు క్రమ్మినప్పుడు కూడ నిలిచిపోక, నెమ్మదిగా నడచును. వేగము అయిదింట నాలుగు వంతులకు తగ్గినచో, దానికి కావలసిన శక్తి ఇంచుమించు సగమగును. నీటిని పైకెత్తు బలమును తగ్గును గనుక, మిక్కిలి లోతైన బోరులో నీరు పైకి రాకపోవచ్చును.

ఇంటిలో మాత్రము ఈ సర్దుబాటు తగదు. మీట 230 వోల్టులు, 50 సైకిళ్ళ చోటనే యుండవలెను. మన ఫ్యానులును రిఫ్రిజిరేటరులును సాధారణముగ ఆ కొలతకే నిర్మింపబడినవి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. పెట్టె నుండి వచ్చు తీగను గోడలోని ప్లగ్గునకు తగిలించి ఇల్లంతయు వెలిగింపజూచువారు కలరు. మెయిను స్విచ్చి తెరచి యుండనిచో ఆ విద్యుత్తు వీధిలోనికి వెనుకకు పారును. వీధి ట్రాన్స్‌ఫార్మరు దానిని వేల వోల్టులకు పెంచగలదు. తీగలో విద్యుత్తు లేదని నమ్మి స్తంభమెక్కి, మన యింట దీపము మరల వెలిగింపవచ్చిన లైనుమాను ప్రాణము అందుచే పోవచ్చును. కావున మనకు కావలసిన పరికరములను ఆ పెట్టెకే నేరుగా తగిలించుకొందము. మన మిద్దెమీది ఎండ మన యింటిని వెలిగించిన చాలును. వేరొక యింటి దీపమును ఆర్పరాదు.