చనిపోయాకేనా ఇంటి పనికి విలువ కట్టేది?

(విజయవాడలో జరిగిన మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కృష్ణా డెల్టాలో లెక్క లేనిది ఏదీ లేదు. బ్యారేజి నుంచి ఏ కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో లెక్క ఉంది. ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయో, అందులో కౌలు ఎన్ని బస్తాలో, పాలల్లో వెన్న ఎంతో, అన్నింటికీ లెక్కే. తెల్లారకముందు లేచి రాత్రి గిన్నెలు బోర్లించే దాకా ఆడమనిషి చేసే పనికి మాత్రం లెక్క లేదు. లెక్కలో లేనివాళ్లకు వాటా ఉండదు. నీళ్లలో, నిధుల్లో, కొలువుల్లో వాటా కోసం కొట్లాడిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

సర్కారు లెక్కల తీరు చూడండి. గేదెకు గడ్డి వేసి, పాలు పితికి కేంద్రంలో పోస్తే అది దేశ ఉత్పత్తి. అదే చేత్తో మంచాన పడ్డ అత్తగారికి అన్నం కలిపి తినిపిస్తే ఉత్పత్తి కాదు. కర్రీ పాయింటులో పప్పు, వేపుడు అమ్మితే జాతీయాదాయంలో చేరుతుంది. మనింటి పొయ్యి మీద వండితే చేరదు. జనాభా లెక్కల్లో గృహిణులను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి ఉత్పాదక పని చేయనివాళ్ల ఖాతాలో వేయడాన్ని 2010లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది.

కేంద్ర గణాంక శాఖ 2024లో జనం రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఇంటి పనిలో చెయ్యి వేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. అసలు చెయ్యే వేయని మగవాళ్లు ఈ లెక్కలో లేనే లేరు! 289 నిమిషాలను ఎనిమిది గంటల కూలి రోజులుగా మారిస్తే ఏడాదికి దాదాపు 220 రోజులు. 2005లో తెచ్చిన ఉపాధి హామీ చట్టం ఇంటికి 100 రోజుల పని ఇస్తామంది. ఇల్లు మాత్రం ఒక్క మనిషి దగ్గరే 220 రోజులు తీసుకుంటోంది, రూపాయి కూలి లేకుండా.

ప్రేమకు ధర కడతారా అని అడుగుతారు. కట్టమని మేము అడగడం లేదు. కోర్టులు ఇప్పటికే కడుతున్నాయి, కాకపోతే మనిషి పోయాక! 2014లో ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలు చనిపోయారు. హైకోర్టు 22 లక్షలుగా తేల్చిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2021 జనవరి 5న 33.20 లక్షలకు పెంచింది. ఆ బెంచిలోని జస్టిస్ ఎన్.వి. రమణ మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం బిడ్డ. గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టడం దయ కాదు, గుర్తింపు అని ఆయన విడిగా తీర్పు రాశారు. పల్లెటూళ్లో నాట్లు, కోతలు, పశువుల పని కూడా ఆమె మీదే పడుతుందని గుర్తు చేశారు. 2011 జనగణనలో దాదాపు 16 కోట్ల మంది ఆడవాళ్లు ఇంటి పనే తమ ప్రధాన పని అని చెప్పారు. మగవాళ్లు 58 లక్షలు. చచ్చాక బీమా కంపెనీ ఒప్పుకోవాల్సిన విలువను బతికుండగా ప్రభుత్వం ఎందుకు ఒప్పుకోదు?

మన ఊరి సంగతే తీసుకోండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను, పాయకాపురాన్ని ముంచేసింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం 25 వేలు ఇస్తామంది. ఫైరింజన్లతో ఇళ్లు కడిగించింది. మంచిదే. ఫైరింజను వెళ్లిపోయాక గిన్నె గిన్నె తోమిందెవరు? పిల్లల జ్వరాలకు రాత్రుళ్లు మేలుకున్నదెవరు? ఆటో పాడైతే నష్టం రాసుకున్నారు. ఆ ఆడవాళ్ల చాకిరీని రాసుకోవడానికి ఏ కాగితంలోనూ గడి లేదు.

2024 జులై నుంచి మంచానికే పరిమితమైన వాళ్లకు నెలకు 15 వేల పింఛను పెంచారు. మేము హర్షిస్తున్నాం. కానీ ఆ మనిషిని లేపి, కడిగి, మందులు వేసే కోడలో కూతురో కూలికి పోలేక ఇంట్లోనే ఉండిపోతోంది. ఆమె పేరు ఏ పథకంలోనూ లేదు. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలోనైతే పెద్దవాళ్లను చూసుకోవడానికి కాలనీ నుంచి ఒక పేదరాలు వస్తుంది. మరి ఆమె పిల్లలను చూసేదెవరు? ఎనిమిదో తరగతి చదివే పెద్దపిల్ల. చాకిరీ మాయం కాదు, కిందికి జారుతుంది. చివరికి మోసేది పేదింటి ఆడపిల్ల.

2025 ఆగస్టు 15న బస్సు ఉచితం చేశారు. బస్సు ఎక్కాలంటే ముందు చంకలో బిడ్డను దించడానికి చోటు కావాలి. ఆ చోటు అంగన్‌వాడీ. దాన్ని నడిపే అక్కలను ప్రభుత్వం ఎలా చూసింది? 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే ఎస్మా పెట్టింది. అప్పటికి వర్కరు జీతం 11,500, ఆయా జీతం 7,000. దాన్ని జీతం అనడానికి కూడా ఒప్పుకోరు, గౌరవ వేతనమంటారు. ఇంట్లో ఊరికే చేయించుకున్న పనిని వీధిలో చవగ్గా చేయించుకోవడమే ఇది.

మా డిమాండ్లు నాలుగు. మంచాన పడ్డవాళ్లను చూసుకునే మనిషికి నేరుగా నెలనెలా భత్యం ఇవ్వాలి. అంగన్‌వాడీ కేంద్రాలు తల్లుల పనివేళలకు సరిపోయేలా నడవాలి, అదనపు గంటలకు అదనపు జీతం ఇవ్వాలి. వరద, తుఫాను నష్టపరిహారంలో పోయిన కూలి రోజులను, ఇంటి చాకిరీని చేర్చాలి. అంగన్‌వాడీ వర్కర్లను, ఆయాలను ఉద్యోగులుగా గుర్తించాలి.

అయిదో డిమాండు ప్రభుత్వానికి కాదు, ఈ సభలో కూర్చున్న మగవాళ్లకు. మీరు సభలకు రాగలుగుతున్నారంటే ఇంటి దగ్గర ఎవరో వంట చేస్తున్నారని అర్థం. ఉద్యమం చేసే ఇంట్లో కూడా 289, 88 లెక్కే నడిస్తే మనం అడిగే వాటాకు అర్థం లేదు. ఈ రాత్రి నుంచే సగం గిన్నెలు మీవి.