నిలిచిన మందే మందు



సిరిసిల్ల మగ్గముల చప్పుడు మనకు క్రొత్త గాదు. పడుగు మగ్గమున కెక్కుటకు ముందు నూలునకు గంజి పట్టింపవలెను. లేనిచో పోగు రాపిడికి తాళలేక తెగును. ఈ గంజికి మన దేశమున చింతగింజల పిండిని గూడ వాడుట కలదు. పులుసు పిసికి మనము పారవేయు నా గింజలోని జిగురు నేడు వైద్యశాస్త్రమునకు తోడుపడుచున్నది. నేటి నా ప్రసంగము అట్టి జిగురు మందులను గూర్చియే.

కంటిలో వేసిన మందుచుక్క రెప్ప నాలుగుమారులు కొట్టగనే చాలవరకు కన్నీటితో జారిపోవును. నోటిపూతకు పూసిన మందును లాలాజలము కడిగివేయును. మ్రింగిన మందు సాధారణముగా కొద్ది గంటలలో కడుపును విడిచి ప్రేవులలోనికి సాగిపోవును. మందు మంచిదే, కాని పనిచేయవలసిన చోట నిలువదు. గట్టు తెగిన మడిలో నీరు పెట్టినట్లే గదా!

కన్ను, ముక్కు, నోరు, కడుపు, ప్రేవులు, వీనిలోపలి మెత్తని పొరపై నెల్లప్పుడును పలుచని జిగట కప్పియుండును. అందులో నూటికి 95 పాళ్లు నీరే. తక్కిన దానిలో ముఖ్యమైనది మ్యూసిన్ అను పదార్థము. దాని యణువులు పొడవైన దారముల వంటివి. అట్టి దారపు టణువులే గల పాలిమరులను శాస్త్రజ్ఞులు వెదకిరి. రొయ్యల పెంకులనుండి తీయు కైటోసాన్, సముద్రపు నాచునుండి తీయు ఆల్జినేటు, కర్మాగారములలో చేయు కార్బోపాల్, చింతగింజలలోని జైలోగ్లూకాన్ అట్టివి. ఇవి తడి తగులగనే యుబ్బి, పడుగుపేకలవలె మ్యూసిన్ దారములతో పెనగొని, కొంతసేపు విడువవు.

మందును పాలిమరులో కలిపి, ఒక మిల్లీమీటరునకు లోపడిన సన్నని రేణువులుగా చేయుదురు. ఆల్జినేటుతో చేయు విధము బూందీ దూయుట వంటిది. కాల్షియము లవణము కలిపిన నీటిలో తుంపరలు రాల్చగనే ప్రతి తుంపరయు గట్టిపడును. ఆ రేణువు పొరకంటుకొని తనలోని మందును మెల్లమెల్లగా విడుచును.

ఈ యూహ నిన్నటిది కాదు. 1947లోనే నోటి లోపలి పొరపై పెన్సిలిన్ నిలుచుటకై చెట్టుబంకను వాడి చూచిరి. నేడు చింతగింజల జిగురుతో పొడిబారిన కంటికి చుక్కలు చేయుచున్నారు. మన వైద్యులు చూర్ణమును తేనెలో రంగరించి నాకించి, దానిని అనుపానమనిరి. రెండును ఒకటియని నేననను. మందుతోపాటు దానిని మోయు వస్తువును గూడ విచారింపవలెనను బుద్ధి మాత్ర మొకటియే.

ఇందు హద్దులును కలవు. శరీరము పాత జిగటను ద్రోసి క్రొత్తదానిని పుట్టించుచుండును. కావున రేణువు చిరకాల మంటియుండదు. ఇట్టి మందులలో ననేకము లింకను పరీక్షలలోనే యున్నవి. చింతగింజ నూరి కంట పెట్టుకొనుడని నేను చెప్పుట లేదు. అట్లు చేసిన కన్ను చెడును.

ఇక నా తప్పొకటి విన్నవింతును. కోరుట్లలో నా మిత్రులొకరు రక్తపోటునకు దినమున కొక మాత్ర మ్రింగువారు. మాత్ర గొంతు దిగదనగా, నూరి తేనెతో తీసికొనుమని చెప్పినవాడను నేనే. కొంతసేపటికి వారికి కన్నులు చీకట్లు క్రమ్మి గడపలో కూలిరి. అది పాలిమరు కట్టుతో 24 గంటలు మెల్లగా మందు విడుచు మాత్ర. నూరుటచే కట్టు తెగి, దినమంతటి మందు ఒక్కుమ్మడిగా రక్తమున చేరెనని వైద్యులు చెప్పిరి. దైవవశమున వారు బ్రతికిరి. చదువుకొన్న నా నోట వచ్చిన మాట గనుకనే వారు నమ్మిరి; ఆ నమ్మికయే నన్ను నేటికిని బాధించుచున్నది.

కావున పెద్దలారా, మాత్రల యట్టపై ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఎల్. అను నక్షరములున్నవేమో మనుమలచేత చదివించుకొనుడు. ఉన్నచో వైద్యు నడుగక నూరకుడు, విరువకుడు, నమలకుడు. బుగ్గలో నుంచుకొనుమన్న మాత్రను మ్రింగకుడు. మందులో నేమున్నదో తెలియుట వైద్యుని పని. అది నిలువవలసిన చోట నిలువనిచ్చుట మన పని.

సెలవు.