చందమామ పైపెచ్చు, లోపలి పొర

పున్నమినాటి చంద్రబింబమున తెల్లని మేర యొకటి, నల్లని మచ్చ యొకటి మనకు కనబడుచుండును. ఆ మచ్చను మన పెద్దలు కుందేలనిరి. శశాంకుడను పేరు దానివలననే వచ్చినది. శిలాశాస్త్ర దృష్టితో చూచినను ఆ రెండు రంగులును రెండు జాతుల రాళ్లే. తెల్లనిది చంద్రుని పైపెచ్చు. అనార్థోసైటు అను తేలికరాయి అందు హెచ్చు. నల్లనిది బసాల్టు, మన దక్కను నల్లరాతికి చుట్టము. మాంటిల్ అనబడు లోపలి పొర కొంత కరగి, పైకి పొంగి, పల్లములలో నిండి గట్టిపడగా అది యేర్పడినది. అనగా మన కుందేలు చంద్రుని కడుపులోనుండి వచ్చిన వార్త.

పైపెచ్చు తెల్లబడుటకు కారణమేమి? 1969 జూలైలో అపోలో 11 యాత్రికులు తెచ్చిన మట్టిలో, నల్లని రేణువుల నడుమ తెల్లని పలుకులు కొన్ని కనబడినవి. వానిని చూచి జాన్ వుడ్ మొదలగు శాస్త్రజ్ఞులు గొప్ప సాహసమే చేసిరి. తొలినాళ్లలో చంద్రుడు కరగిన శిలాసముద్రముతో కప్పబడి యుండెననిరి. అది చల్లారునపుడు ఇనుము, మెగ్నీషియము గల బరువైన స్ఫటికములు అడుగునకు దిగినవి. అల్యూమినియము, కాల్షియము గల తేలికవి పైకి తేలినవి. కాగిన పాలపై మీగడ కట్టు తీరు ఇల్లాండ్రకు మేము చెప్పనక్కరలేదు.

ఈ మీగడ మందము 60 కిలోమీటర్లని అపోలో కంపమాపకములను బట్టి తొలుత లెక్కించిరి. 2012లో గ్రెయిల్ జంటనౌకల కొలతలు దానిని సగటున 34 నుండి 43 కిలోమీటర్లకు దించినవి.

అయినను ఒక సందేహము మిగిలినది. అపోలో రాళ్లన్నియు మనవైపు మధ్యభాగపు రాళ్లు. ధ్రువమువైపున మాట యేమి? 2023 జూలై 14న శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న దక్షిణమున 69 డిగ్రీల చెంత దిగినది. ఇరువదియారు కిలోల ప్రజ్ఞాన్ బండి 103 మీటర్లు నడచి, 23 చోట్ల మట్టిని పరీక్షించినది. క్యూరియము కిరణములు తాకినపుడు ఒక్కొక్క మూలకము తనదైన ఎక్స్ కిరణమును వెలువరించును. దానినిబట్టి మట్టిలో నేమున్నదో గుర్తింపవచ్చును. 2024 ఆగస్టులో ఫలితములు వెలువడినవి. అన్నిచోట్లను మట్టి ఇంచుమించు ఒక్కతీరే. అక్కడను ఆ మీగడయే!

కాని మెగ్నీషియము అనుకొన్నదానికంటె హెచ్చుగా నున్నది. చెంతనే 2500 కిలోమీటర్ల వెడల్పుగల దక్షిణధ్రువ-ఐట్కెన్ పల్లమున్నది. దానిని త్రవ్విన ఆ మహాఘాతము లోతులనుండి ఎగజిమ్మిన పదార్థము ఇచ్చట కలిసినదని శాస్త్రజ్ఞుల ఊహ. ఇంతమాత్రముచేత మాంటిల్ చేతికందినదని మేము అనజాలము. పైపెచ్చు అడుగుభాగమునను మెగ్నీషియము హెచ్చుగా నుండవచ్చును. 2024 జూన్‌లో చైనావారి చాంగె-6 ఆ పల్లమునుండియే 1,935.3 గ్రాముల మట్టిని భూమికి తెచ్చినది. అందలి రేణువులను ఏరి పరీక్షించు పని సాగుచున్నది.