గోయిడరు గీతకు ఆవల
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



పొలము దున్నువాని కష్టము ఏ దేశమందైనను ఒక్కటియే. నేడు మీకు మనవి చేయబోవునది దక్షిణ ఆస్ట్రేలియాలో క్రొత్త భూములకు వలసపోయిన రైతు కుటుంబముల కథ. వారు సోమరులు కారు. అయినను వారిలో అనేకులు స్వహస్తములతో కట్టుకొన్న యిండ్లను విడిచి పోవలసి వచ్చెను. అట్లేల జరిగెనో తెలిసికొనుట గ్రామ వ్యవహారములు నడపువారికి ఎంతయు అవసరము.

దక్షిణ ఆస్ట్రేలియా 1836లో ఆంగ్లేయుల వలసరాజ్యముగా ఏర్పడెను. అచట జూన్ నెల మొదలు ఆగస్టు వరకు శీతకాలము. వానలు ఎక్కువగా కురియునదియు అప్పుడే. ఆ పదునుకు గోధుమ విత్తి, నవంబరు, డిసెంబరు నెలలలో కోయుదురు. దక్షిణమున సముద్రతీరము చేరువను వాన చాలును. ఉత్తరమునకు పోయినకొలది అది తగ్గిపోవును.

1864, 1865 సంవత్సరములలో ఉత్తరమున గొప్ప కరవు వచ్చి గొఱ్ఱెల మందలు నశించెను. కరవు ఎంతవరకు వ్యాపించినదో చూచి రమ్మని ప్రభుత్వము సర్వేయరు జనరలగు జార్జి గోయిడరును పంపెను. ఆయన గుఱ్ఱముపై సుమారు 2,000 మైళ్ళు తిరిగెను. ఆ ప్రాంతపు వర్షమును గూర్చి దీర్ఘకాలపు లెక్కలు లేవు. కావున ఆయన నేలపై మొలచిన మొక్కలను పరిశీలించెను. వానకు నోచని నేలలో ఉప్పునేలల పొదలు మాత్రమే పెరుగును. వాని ఎల్లను బట్టి ఆయన పటముపై ఒక గీత గీసి, 1865 డిసెంబరులో నివేదించెను. గీతకు దక్షిణమున సేద్యము సాగును. ఉత్తరపు భూమి మేతకే తగును అని దాని సారము. ఏటికి 10, 12 అంగుళముల వాన పడు హద్దునకు ఆ గీత దగ్గరగా ఉన్నదని తరువాతి లెక్కలు తెలిపినవి.

1872 నాటి శాసనము గీతకు దక్షిణమున మాత్రమే రైతులకు వాయిదాలపై భూములిచ్చుటకు అంగీకరించెను. ఇంతలో కొన్నేండ్లు వానలు సమృద్ధిగా కురిసినవి. గీతకు ఆవల సైతము పచ్చిక మోకాలెత్తు పెరిగెను. జనులు గోయిడరును పరిహసించిరి. నాగలి సాగినచోటికి వాన తానే వచ్చునను నమ్మకము ప్రబలెను. ఒత్తిడికి లోబడి శాసనసభ 1874లో ఆ హద్దును తొలగించెను.

అంతట కుటుంబములు బండ్లు కట్టుకొని ఉత్తరమునకు బయలుదేరినవి. విల్లొక్రా మైదానమున అట్టివారి జీవితమెట్లుండెనో వినుడు. మొదట దేవదారు జాతి గుంజలు పాతి, మట్టి మెత్తి గుడిసె వేసికొనిరి. తరువాత రాతియిల్లు లేచెను. తండ్రియు, ఎదిగిన కొడుకులును గుఱ్ఱములతోనో ఎడ్లతోనో దున్నిరి. పిల్లలు పొలములోని రాళ్ళేరి, పాలు పితికి, ఆ తరువాతనే బడికి పోయిరి. తల్లి రొట్టె కాల్చి, వెన్న చిలికి, కోళ్ళను పెంచెను. పంట చేతికి వచ్చువరకు అంగడి బాకీ తీర్చినవి ఆ వెన్నయు, గ్రుడ్లునే. వైద్యుడు దూరమున నుండుటచే ప్రసవ సమయమున ఇరుగుపొరుగు స్త్రీలే దిక్కు. కప్పుపై పడిన వాననీటిని తొట్లలో పట్టి దాచుకొనెడివారు. అది చాలనిచో పీపాలలో మైళ్ళ దూరము నుండి తెచ్చుకొనెడివారు.

కోతకు వారికి ఒక మంచి యంత్రముండెను. 1843లో ఆ రాజ్యమందే తయారైన రిడ్లీ యంత్రము గడ్డిని నిలువుననే విడిచి, వెన్నులను మాత్రము దువ్వి రాల్చును. పిదప గింజలను తూర్పారబట్టి, సంచులకెత్తి, ఓడరేవునకు తోలెడివారు. 1879లో పోర్టు ఆగస్టా నుండి క్వార్ను వరకు రైలుమార్గము పడగానే వారి ఆశలు రెట్టింపైనవి. మరింత ఉత్తరమున ఒక ఊరికి ఫరీనా అని పేరు పెట్టిరి. లాటిను భాషలో ఆ మాటకు పిండి అని అర్థము. ఆ చుట్టుపట్ల గోధుమ విరివిగా పండునని వారు ఆశించిరి.

1880 నుండి వానలు ముఖము చాటు చేసినవి. వరుసగా మూడేండ్లు కరవు. దున్నిన నేలనుండి దుమ్ము లేచి ఆకాశమును కప్పెను. విత్తినంత గింజలైనను తిరిగి రాని పొలములనేకము. మేత లేక గుఱ్ఱములు చిక్కిపోయినవి. భూమికి కట్టవలసిన వాయిదాలు మాత్రము ఆగలేదు. అప్పులపాలైన కుటుంబములు ఒక్కొక్కటిగా మరల దక్షిణమునకు తరలిపోయినవి. ఫరీనాకు గోధుమ భాగ్యము కలుగనేలేదు. ఆ దారిన పోవువారికి నేటికిని కప్పులేని రాతిగోడలు, పొగగొట్టములు కనిపించును.

మఱియొక సంగతి మరువరాదు. ఆ భూములు అంతకు పూర్వము నిర్జనములు కావు. న్గాడ్జురి, నుకును, అడ్న్యమతన మున్నగు ఆదివాసి జాతులవారు తరతరములుగా అచట నివసించిరి. ఏ ఊట ఎపుడు ఎండునో వారికి తెలియును. క్రొత్తగా వచ్చినవారు వారి భూమిని తీసికొనిరి. వారి అనుభవమును మాత్రము తీసికొనలేదు.

ఆ గీతకు నేటికిని విలువ కలదు. వాతావరణము మారుచున్నందున అది మరింత దక్షిణమునకు జరుగవచ్చునని శాస్త్రజ్ఞులు హెచ్చరించుచున్నారు.

సభ్యులారా! ఆ కుటుంబముల శ్రమలో లోపము లేదు. హద్దును కాపాడవలసిన సభ మూడు నాలుగు మంచి యేండ్లను చూచి దానిని చెరిపివేసెను. ఫలము రైతు అనుభవించెను. మన పంచాయతీలకు సైతము అట్టి ఘడియ వచ్చును. రెండేండ్లు చెరువు నిండనిచో శిఖము భూమిలో సాగుకు అనుమతి కోరుదురు. బావి నిండుగా ఉన్న యేడు మఱియొక బావి త్రవ్వుదుమందురు. అపుడు మంచి సంవత్సరమును గాక చెడ్డ సంవత్సరమును కొలతగా తీసికొనుడు. వాన లెక్కల పుస్తకమును చూడుడు, వృద్ధులనడుగుడు, నేలపై మొలచినదానిని పరికింపుడు. కాదని చెప్పుట కష్టమే. కాని పాడుబడిన యింటి ముందు నిలిచి, ఆనాడే చెప్పియుండవలసినదని చింతించుట అంతకంటె కష్టము.