టెంకకు దక్కని రుచి



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన ఏనాడూ వేదిక ఎక్కిన మనిషి కాదు. ఆషాఢం వస్తే అంటుకట్టడానికి మామిడి చెట్లు ఎక్కేవారు. ముందటి ఏడు టెంక పాతి కుండలో పెంచిన మొక్కను, చెట్టు కొమ్మ అందే ఎత్తున మంచె కట్టి దాని మీదికి చేర్చేవారు. కొమ్మకూ మొక్కకూ రెండంగుళాల మేర బెరడు, దానితోపాటు సన్నటి చెక్కపొర ఒక్క వేటున లేపి, పచ్చి మీద పచ్చి ఆనించి, అరటినారతో బిగించేవారు. కత్తి రెండోసారి ఆడిందంటే గాయం ఎగుడుదిగుడై అతకదనేవారు. రెండు మూడు నెలలు అలాగే ఉంచి, అతుకు కుదిరాక కొమ్మను తల్లి నుంచి ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తెంపేవారు. ఇవాళ నేను చెప్పబోయే చరిత్ర అంతా ఆ రెండంగుళాల గాయానిదే.

వరి, జొన్న, వంగ, బీర వంటి పాత పంటలు నిలవాలంటే విత్తనం దాచుకుంటే చాలు. మన ఆడవాళ్లు బూడిద కలిపి, వేపాకు వేసి, కుండ మూతికి మట్టి మెత్తి దాచారు. 2008లో నార్వే దేశం స్వాల్‌బార్డ్ మంచుకొండల్లో తెరిచిన విత్తన నిధి కూడా చేస్తున్నది ఆ పనే. కాకపోతే అక్కడ చలి మైనస్ 18 డిగ్రీలు. మామిడి టెంకకు మాత్రం ఆ నిధిలో చోటు లేదు. ఆరబెడితే చస్తుంది, గడ్డకట్టిస్తే చస్తుంది. పండు తిని నెల తిరిగాక పాతితే మొలవడం కష్టమే. పోనీ, మొలిచిందనుకోండి. కేరళ, కొంకణ తీరాల్లో కొన్ని రకాల టెంకలోంచి నాలుగైదు మొలకలు లేచి అచ్చం తల్లినే పోలుతాయి. మన రకాల్లో ఎక్కువ భాగం ఒంటి మొలకవి. ఏ ఈగ ఏ చెట్టు పుప్పొడి తెచ్చిందో ఎవరికి ఎరుక! తల్లి చెరుకురసమైనా పిల్ల పుల్లటి పీచుకాయ కావచ్చు. అందుకే మామిడిలో ఒక రకం అంటే నిజానికి ఒక చెట్టు. దాని కొమ్మ మరో వేరు మీదికి మారినంత కాలమే అది బతుకుతుంది.

ఆ మాట బాబరుకు తెలిసి ఉండకపోవచ్చు గానీ, దాని ఫలితం మాత్రం ఆయన నాలుకకు తగిలింది. 1526లో పానిపట్టు గెలిచి ఇక్కడ స్థిరపడినవాడు, తన స్వీయచరిత్రలో మామిడిని మెచ్చుకుంటూనే ఒక మెలిక పెట్టాడు: మంచి పండు దొరికితే మహా బాగుంటుంది, కానీ తిన్నవాటిలో మేలైనవి తక్కువేనన్నాడు. టెంకచెట్ల తోటలో జరిగేది అదే. ఆ శతాబ్దంలోనే గోవాలో పోర్చుగీసువాళ్లు అంటుకట్టడాన్ని పట్టుదలగా సాగించారు. అల్ఫాన్సో పేరు వాళ్ల సేనాని అఫోన్సో డి అల్బుకెర్క్ నుంచి వచ్చిందేనంటారు. అక్బరు దర్భంగాలో లక్ష చెట్లతో తోట వేయించాడని ప్రతీతి. లెక్కపెట్టిన పుణ్యాత్ములెవరో!

మన వైపు ఈ విద్యను పోషించినవాళ్లు జమీందార్లు, నవాబులు. నూజివీడు, పెద్దాపురం, బనగానపల్లె, హైదరాబాదు తోటల్లో ఒకరి దగ్గర లేని పండు తమ దగ్గర ఉండాలన్న పంతం పనిచేసింది. ఆ పంతాన్ని నేను తప్పుపట్టను. హిమాయత్, జహంగీర్, జలాలు, పెద్దరసం, చిన్నరసం, పంచదార కలశ, కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ మన నోటిదాకా వచ్చాయంటే ఎవరో పంతం కొద్దీ కొమ్మ సంపాదించబట్టే. అయితే చెట్టెక్కి అంటు కట్టిన తోటమాలి పేరు ఏ దస్తావేజులోనూ చేరలేదు.

ఆ తరవాత పని ప్రభుత్వ శాస్త్రవేత్తల చేతికి వచ్చింది. రైల్వే కోడూరు పండ్ల పరిశోధన కేంద్రంలో పనిచేసిన కె.సి. నాయక్, గాంగొల్లితో కలిసి దక్షిణాది మామిళ్ల వర్గీకరణ మీద 1950లో పెద్ద గ్రంథం వేశారు. కాయ భుజం ఎలా వాలింది, ముక్కు ఎక్కడ తేలింది, టెంక మీది పీచు ఎంత అని కొలిచి రాశారు. ఒక ఊరి బేనీషాన్ మరో ఊరి బంగినపల్లి అయ్యే దేశంలో ఆ కొలతలే దిక్కు. సంగారెడ్డి కేంద్రంలో వందల రకాలు చెట్లుగా నిలబడి ఉన్నాయి. అక్కడ రుమానీని, నీలాన్ని కలిపి మంజీరను సృష్టించారు. ఢిల్లీ పూసా సంస్థవాళ్లు మన నీలాన్ని ఉత్తరాది దసేరీతో కలిపితే మల్లిక, ఆమ్రపాలి వచ్చాయి. పాత చెట్టును ఎవరూ ఉంచకపోతే కొత్తదానికి అమ్మానాన్నలు ఎక్కణ్ణుంచి వస్తారు?

ఇక పోగొట్టుకున్న సంగతి. రసాలను ఏ తెగులూ చంపలేదు, లారీ చంపింది. రసం పండు తినే తీరే వేరు. అరచేతుల మధ్య మెల్లగా నలిపి, లోపల గుజ్జంతా జారాక, తొడిమ దగ్గర చిన్న తుంపు తీసి, మొదటి చుక్క జీడి పిండేసి నోట పెట్టుకోవాలి. మోచేతుల దాకా కారాలి. ఆ తొక్క పలచన. గంపలో అడుగు వరస పండు పై వరస బరువు మోయలేదు, చెట్టు దిగిన రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. బంగినపల్లి తొక్క గట్టిది, పీచు లేదు, ముక్క నిలబడుతుంది, దూరం వెళ్తుంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలు కలెక్టరు రకం కాయ అడిగాయి, రైతు కలెక్టరు వేశాడు. ఏడాది విడిచి ఏడాది కాసే చెట్టును నమ్ముకుని అప్పు తీర్చమని రైతుతో అనడానికి నాకు నోరు రాదు. రసం చెట్టును కొట్టేసేవాడి మీద కన్నా, కొట్టేముందు అంటుకు నాలుగు పుల్లలు కోసుకోనివాడి మీదే నాకు కోపం.

ఎందుకంటే పని అంత పెద్దది కాదు. మలిహాబాదు కలీముల్లా ఖాన్ ఒకే చెట్టు మీద 300 రకాల దాకా అంటుకట్టారు, 2008లో పద్మశ్రీ అందుకున్నారు. మనకు మూడు రకాలున్న చెట్టు చాలు. పెరట్లో ఒక్క కలెక్టరు చెట్టుంటే దాని రెండు కొమ్మలు నరికి, వచ్చిన చిగుళ్ల మీద తాతగారి రసాన్ని ఎక్కించవచ్చు. మిగతా కొమ్మలు కలెక్టరే కాస్తాయి, ఆదాయం ఎక్కడికీ పోదు. ఒక్క చెట్టే ఉంచుకుంటే మాత్రం నమ్మకం లేదు. పిడుగు పడుతుంది, గాలివాన వస్తుంది, కాండంతొలుచు పురుగు పడుతుంది. వియ్యాలవారికి, పొలం గట్టువాళ్లకు తలా ఒక అంటు ఇచ్చినప్పుడే మనది మనకు మిగులుతుంది.

రేపు ఉదయం ఏడింటికి ఈ హాలు వెనక తోటలో అంటుకట్టే శిక్షణ ఉంది. పెద్దాయన కట్టిన చెట్లలో పేరు ఎవరికీ తెలియని రసం ఒకటుంది. వారం కిందటే దాని పుల్లలకు ఆకులు దూసి ఉంచాం, మొగ్గలు ఉబ్బాయి. వేరుమొక్కలు కడియం నుంచి తెప్పించాం. వాన పడితే షెడ్డులో కడదాం. కత్తి ఎవరిది వాళ్లు, పదును పెట్టించుకుని తెచ్చుకోండి.